ఇల్లు కొనేముందు ఒకసారి ఎండలో, ఒకసారి వానలో చూడండి



మిరప కోతలు అయిపోయినయ్. యార్డుకి పంపిన టిక్కీల డబ్బులు కొందరికి చేతికొచ్చినయ్, కొందరికి ఇంకా రావాలి. ఈ రోజుల్లో మన పల్నాడు ఊళ్ళల్లో ఏ అరుగు మీద కూర్చున్నా రెండే మాటలు. ఒకటి వచ్చే ఏడు కౌలు ఎంత అని, రెండోది "పేటలో ఓ ఇల్లు చూశాం, పిల్లల చదువులకి అనువుగా ఉంటది" అని. పోయిన వారం ఇద్దరు ఫోన్ చేసి ఇంటి సంగతే అడిగారు. ఇద్దరికీ గంటసేపు చెప్పా. ఆ మాటలే ఇక్కడ రాస్తే ఇంకో పది మందికి పనికొస్తదని కూర్చున్నా. పొడుగ్గా ఉంటది, తీరిక చేసుకుని చదవండి.

ముందే చెబుతున్నా, నేను ఇంజినీరుని కాదు, ప్లీడర్ని కాదు. మూడెకరాల సొంతం, ఐదెకరాల కౌలు చేసుకునేవాణ్ణి. కాకపోతే ఒక ఇంటికి అడ్వాన్సు ఇచ్చి డబ్బు పోగొట్టుకున్నా. ఇంకో ఇల్లు కొని, కొన్నాక తిప్పలు పడి బాగుచేయించుకున్నా. మూడో ఇల్లు ఊళ్ళో మా అమ్మ ఉండేది, పట్టించుకోక ప్రాణం మీదకి తెచ్చా. ఈ మూడింటి సంగతే చెబుతా.

మనం ఎడ్లు కొనేటప్పుడు ఎట్టా చూస్తాం? నోరు తెరిచి పళ్ళు చూస్తాం, సుళ్ళు చూస్తాం, నడిపించి చూస్తాం, కాడి కట్టి ఓ చాలు దున్నించిగాని బేరం మాట్లాడం. లక్ష రూపాయల జోడీకి ఇంత చేసేవాళ్ళం, ముప్పై లక్షల ఇంటిని పావుగంట చూసి, కాఫీ తాగి, ఈశాన్యం బాగుందా అని అడిగి లేచొస్తాం. వాస్తు చూస్కోండి, నేను కాదనను, నేనూ చూశా. కానీ ఈశాన్యం అడిగిన నోటితోనే సెప్టిక్ ట్యాంకు యాడుంది, బోరు యాడుంది అని కూడా అడగాలి గదా. నేను అడగలా.

మొదటి ఇంటి సంగతి. మా పాప పదో తరగతిలో ఉన్నప్పుడు, ఆ ఏడు మిరపకి మంచి రేటొచ్చింది. ఇంటర్లో హాస్టల్లో వేయటం మా ఆవిడకి ఇష్టంలేదు. ఏప్రిల్లో ఒక ఇల్లు చూశాం. రోడ్డుకి దగ్గర, ముందు కొబ్బరి చెట్టు, తూర్పు గుమ్మం. అన్నదమ్ములిద్దరూ అమ్ముతున్నారు. ఇల్లు వాళ్ళ నాన్న కట్టింది, ఆయన కాలం చేశాడు, వీలునామా ఏమీ లేదు. మధ్యవర్తి "రేపు ఇంకో పార్టీ వస్తన్నారు" అన్నాడు. ఆ ఒక్క మాటకి నేను భయపడిపోయి 3 లక్షలు నగదు అడ్వాన్సు ఇచ్చా. కాగితం? ఉంది, ఓ తెల్లకాగితం మీద అన్నదమ్ములిద్దరి సంతకాలు.

వారం తర్వాత కొలతలకని వెళ్తే, పక్కింటి ముసలావిడ మంచినీళ్ళిచ్చి, "పెద్దపిల్ల కూడా సంతకం పెట్టిందా నాయనా?" అంది. నాకు ఒళ్ళు చల్లబడిపోయింది. వాళ్ళకో అక్క ఉంది. పెళ్ళయి దూరంగా ఉంటది, తమ్ముళ్ళతో మాటల్లేవు. ఆమెకి అమ్మే సంగతే తెలియదు.

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. పెళ్ళయి కట్నం తీసుకుపోయిన ఆడపిల్లకి పుట్టింట్లో ఏముంటది అనుకుంటారు. హిందూ వారసత్వ చట్టం 1956లో వచ్చింది. తండ్రి సొంతంగా సంపాదించిన ఆస్తి, వీలునామా రాయకుండా పోతే, భార్యకి, కొడుకులకి, కూతుళ్ళకి, ఆయన తల్లి బతికుంటే ఆమెకి కూడా సమానంగా వస్తది. పెళ్ళయిందా కాలేదా అన్న లెక్క లేదు. పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమాన హక్కు మన ఉమ్మడి రాష్ట్రంలో అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకి 1986 చట్టంతో వచ్చింది, దేశమంతా అందరు కూతుళ్ళకీ 2005 సవరణతో వచ్చింది. 2020లో సుప్రీంకోర్టు ఆ హక్కు పుట్టుకతోనే వచ్చిందని తేల్చి చెప్పింది. కాబట్టి ఇల్లు కొంటుంటే అమ్మేవాళ్ళ ఇంట్లో ఆడపిల్లలు ఎంతమంది అని ముందు అడగండి. తహసీల్దారు ఆఫీసు నుంచి తెచ్చిన కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ చూడండి. అందరి సంతకాలూ రిజిస్ట్రారు ముందు పడాలి. అది కుదరకపోతే ఆ ఇల్లు ఎంత చౌకయినా మనది కాదు. మనింట్లో మన అక్కచెల్లెళ్ళకి కూడా ఇదే లెక్క వర్తిస్తదని మర్చిపోకండి, అది వేరే పోస్టు రాయాల్సిన విషయం.

నా 3 లక్షల్లో 2 లక్షలు తిరిగొచ్చింది, అదీ 16 నెలలకి, ఇరవై వేలు ఒకసారి, ముప్పై వేలు ఒకసారి. మిగతా లక్ష ఇంకా ఆ తెల్లకాగితంలోనే ఉంది. పెద్దమనుషుల చుట్టూ తిరిగిన పెట్రోలు ఖర్చు లెక్కలో వేయలా. పోలీస్ స్టేషన్‌కి వెళ్దామంటే మా ఆవిడే ఆపింది, "ఆ అక్కకి అన్యాయం చేసి కొననందుకు సంతోషించు" అని.

అడ్వాన్సు గురించి ఇంకో మాట. ఇళ్ళ బేరాల్లో 20,000 గాని అంతకు మించి గాని నగదుగా తీసుకోకూడదని 2015 నుంచి ఆదాయపు పన్ను చట్టంలో ఉంది, తీసుకున్నవాడికి అంత మొత్తమూ జరిమానా పడొచ్చు. మనకి అదే మంచిది. "అన్నా, చట్టం ఒప్పుకోదు, బ్యాంకులోనే వేస్తా" అనొచ్చు. బ్యాంకు నుంచి పోయిన డబ్బుకి సాక్ష్యం ఉంటది. నా దగ్గర ఆ సాక్ష్యం ఉండుంటే ఆ లక్ష కూడా వచ్చేదేమో.

కాగితాల సంగతి తొందరగా చెప్పేస్తా. ఈసీ తీయండి, కనీసం ముప్పై ఏళ్ళకి. 1983 నుంచి కంప్యూటర్లో దొరుకుతది, అంతకు ముందుదయితే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించుకోవాలి. ఈసీలో ఏమీ లేదంటే అప్పు లేదని కాదు. కాగితాలు ఊరికే ఎవరి దగ్గరో కుదువబెట్టి అప్పు తెచ్చుకున్నా అది అందులో కనపడకపోవచ్చు. అందుకే జిరాక్సులు చూసి సరిపెట్టుకోకుండా ఒరిజినల్స్ కళ్ళతో చూడాలి. "బ్యాంకు లాకర్లో ఉన్నయ్" అంటే, మంచిది, లాకరు తెరిచిన రోజే అడ్వాన్సు ఇస్తానని చెప్పండి. అమ్మేవాడికి ఆ ఇల్లు ఎట్టా వచ్చింది, వాడికి అమ్మినవాడికి ఎట్టా వచ్చింది, ఆ లింకు డాక్యుమెంట్లు వరుసగా ఉండాలి. సర్వే నంబరు 22-ఏ నిషేధ జాబితాలో ఉందేమో చూడండి. అసైన్డ్ భూమి అయితే 1977 చట్టం ఉంది, జోలికి పోకండి. ప్రభుత్వం ఇచ్చిన ఇళ్ళ పట్టా అయితే దాని మీద షరతులు ఉంటయ్, పట్టా చదివి తహసీల్దారు ఆఫీసులో అడిగి గాని కదలొద్దు. ఇంటి పన్ను రశీదు, కరెంటు బిల్లు చూపించి ఇవే కాగితాలు అంటారు కొందరు. అవి వాడు అక్కడ ఉంటున్నాడని చెప్తయ్, ఇల్లు వాడిదని చెప్పవు. ఊళ్ళో గ్రామకంఠం ఇళ్ళకి అసలు కాగితాలే ఉండవు, అక్కడ చుట్టుపక్కల వాళ్ళ మాటే సాక్ష్యం. డ్రోన్లతో కొలిచి కార్డులిచ్చే స్వామిత్వ పథకం 2020లో మొదలైంది, మీ ఊళ్ళో కొలతలు జరిగుంటే ఆ కార్డు ఎవరి పేరున వచ్చిందో చూస్కోండి.

ఇదంతా చదివి ఓపిక లేదనుకుంటే, ఊళ్ళో పేరున్న ప్లీడరుకి కాగితాలిచ్చి ఓ మాట రాయించుకోండి. మనం ఒక్కసారి కొట్టే పురుగుమందు ఖర్చు కూడా కాదు. అమ్మేవాడు చూపించిన ప్లీడరు మాత్రం వద్దు.

టేపు పట్టుకుపోండి. మనకి సెంట్లలో చెబితే తెలుస్తది, టౌన్లో గజాల్లో చెబుతారు. సెంటుకి 48.4 గజాలు. నేను రెండోసారి చూసిన ఇల్లు కాగితంలో 120 గజాలు, టేపు వేస్తే 113. మిగతా ఏడు గజాలు మురిక్కాలవ కింద ఉన్నయ్. ఆ ఏడు గజాలకి రేటు తగ్గించుకున్నా. నేను గెలిచింది అదొక్కటే.

ఇంకో లెక్క మర్చిపోతాం. రిజిస్ట్రేషన్ ఖర్చు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు అన్నీ కలిపి నూటికి ఏడున్నర దాకా అవుద్ది. 31 లక్షల ఇంటికి 2,32,500. నేను ఇల్లు 31 అనుకున్నా, చేతిలో 31 ఉందనుకున్నా. అడ్వాన్సులో ఇరుక్కున్న 3 లక్షలు, ఈ రెండున్నర, కరెంటు పేరు మార్పు, రంగులు, అన్నీ కలిపి మా ఆవిడ గాజులు, పెద్ద గొలుసు బ్యాంకుకి వెళ్ళినయ్. గాజులు రెండేళ్ళకి విడిపించా. గొలుసు ఇంకో ఏడు పట్టింది. ఆమె ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

ఇప్పుడు అసలు సంగతి. రెండో ఇల్లు శ్రావణ మాసంలో కొన్నాం. మంచి ముహూర్తం, వానలు పడుతున్నయ్, పైకప్పు కారటం లేదు, గోడలకి చెమ్మ లేదు. రంగులు తాజాగా ఉన్నయ్. పుట్టీ పెట్టిన గోడ నున్నగా అద్దంలా ఉంది. నేను మురిసిపోయా. ఉగాది దాటాక ఒక రోజు పాప "నాన్నా, గోడలో నుంచి వెలుతురు వస్తంది" అంది. వెళ్ళి చూస్తే కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి ఒక పగులు. వారంలో ఇంకో రెండు. మే నెలకి రూపాయి బిళ్ళ పట్టేంత.

ఆ రాత్రి నిద్ర పట్టలా. ముప్పై లక్షలు, ఆమె గొలుసు, అంతా ఆ పగుల్లోకి పోయినట్టు అనిపించింది.

మా మామగారి తరఫున ఒక బాబాయ్ మేస్త్రీ పని చేసేవాడు, ఇప్పుడు మానేశాడు. ఆయన్ని తీసుకొచ్చా. ఇంటి లోపలికి కూడా రాలా. బయట గోడ చుట్టూ తిరిగి, చెప్పుతో మట్టి గీకి, నా మొహం చూసి నవ్వాడు. "రేగడిలో పుట్టి, రేగడి దున్ని, రేగడి మీద ఇల్లు శ్రావణంలో కొన్నావా అల్లుడూ?"

సిగ్గేసింది. వేసవిలో మన చేలల్లో నెర్రెలు ఎట్టా విచ్చుకుంటయ్యో నాకు తెలియదా? చెయ్యి మోచేతి దాకా పడుద్ది. ఒకసారి మోటారు షెడ్డు తాళంచెవులు నెర్రెలో పడితే వానలు పడేదాకా దొరకలా, ఆ తర్వాతా దొరకలా. తడిస్తే ఉబ్బుద్ది, ఎండితే కుంచించుకుపోద్ది. పైన పత్తి ఉందా, పడగ్గది ఉందా అని మట్టికి తెలియదు. వానాకాలంలో ఉబ్బి పగులు మూసుకుంటది, అప్పుడు పుట్టీ రుద్ది రంగేస్తే ఎవడికీ కనపడదు. వేసవిలో తెరుచుకుంటది. అందుకే మన ప్రాంతంలో ఇల్లు ఒకసారి ఎండలు ముదిరినప్పుడు చూడాలి, పగుళ్ళకి. ఒకసారి గట్టి వాన పడ్డ మర్నాడు చూడాలి, చెమ్మకి. రెండుసార్లు చూసేదాకా ఆగలేకపోతే, చుట్టుపక్కల ఇళ్ళు చూడండి. పక్కింటి ప్రహరీ అబద్ధం చెప్పదు, దానికి ఎవరూ పుట్టీ పెట్టరు.

అన్ని పగుళ్ళూ ప్రమాదం కావు. వెంట్రుకలాగా, సాలెగూడులాగా ప్లాస్టరింగు మీద ఉండేవాటితో భయంలేదు. కిటికీ, గుమ్మం మూలల నుంచి ఏటవాలుగా పోయేవి, గోడకి అటూ ఇటూ కూడా కనపడేవి, కింద సన్నంగా పైన వెడల్పుగా ఉండేవి, వాటికి మేస్త్రీని పిలవాలి.

బాబాయ్ చెప్పిన పని ఏమంటే, ముందు పగులు పూడ్చొద్దన్నాడు. అద్దాల కొట్లో సన్నటి అద్దం ముక్కలు తెచ్చి, ఒక్కో పగులు మీద అడ్డంగా పెట్టి, రెండు చివర్లూ సిమెంటుతో అంటించాడు. తేదీ రాయమన్నాడు. గోడ ఇంకా కదులుతుంటే అద్దం విరుగుద్ది, లేకపోతే నిలబడుద్ది. ఐదు అద్దాలు పెట్టాం. మా పాప రోజూ పొద్దున్నే వాటిని చూసి కాలేజీకి పోయేది.

ఆ తర్వాత గోడ కిందికి నీళ్ళు పోయే దారులన్నీ మూశాం. బాత్రూం నీళ్ళు వెనక పెరట్లో వదిలేసి ఉన్నయ్, వాటికి పైపు వేసి కాలవలోకి కలిపాం. డాబా మీద నుంచి పడే గొట్టాల నీళ్ళు పునాది పక్కనే గుంట చేసినయ్, వాటినీ దూరం తీశాం. ఇంటి చుట్టూ మూడడుగుల వెడల్పున బయటికి వాలుగా కాంక్రీటు గట్టు పోయించాం. లెక్క ఒకటే, పునాది కింద మట్టి ఏడాది పొడుగునా ఒకే తేమలో ఉండాలి. ఒక పక్క నానుతూ ఒక పక్క ఎండుతూ ఉంటే ఇల్లు విరుగుద్ది. గోడకి ఆరడుగుల్లో ఓ వేప చెట్టు ఉంది. వేరు నీళ్ళు లాగేసి అక్కడ మట్టి ఎండిపోతంది. నేను గొడ్డలి తీసుకుంటే ఆయన ఆపాడు. పెద్ద చెట్టు ఒక్కసారిగా కొట్టేస్తే లాగే వేరు లేక మట్టి నీరు పట్టి ఉబ్బుద్ది, అప్పుడు గోడ పైకి లేస్తదట. ఏటా కొంచెం కొంచెం కొమ్మలు తగ్గించమన్నాడు. ఇప్పటికీ అట్టాగే చేస్తన్నాం.

మొత్తం 85 వేలు అయింది. మరుసటి వేసవికి నాలుగు అద్దాలు నిలబడ్డయ్. వంటింటి మూలది విరిగింది. మళ్ళీ గుండె జారింది. వెతగ్గా వెతగ్గా సింకు కింద గోడలో పైపు కారుతుందని తేలింది. చుక్క చుక్క, ఎన్నాళ్ళనుంచో. అది మార్చాక కొత్త అద్దం పెట్టాం, అది విరగలా. అప్పుడు పగుళ్ళన్నీ వి ఆకారంలో చెక్కి పూడ్పించి రంగేయించాం. నీళ్ళ మీటరో, ట్యాంకో ఎవరూ వాడకుండానే తగ్గుతుంటే వదిలేయకండి, మన నేలలో కారే పైపు నీళ్ళ బిల్లుతో పోదు.

కొత్తగా కట్టేవాళ్ళకి ఒక్క మాట. రేగడిలో పైపైన పునాది తీసి కట్టొద్దు. నల్లమట్టి దాటి గట్టి మొరం తగిలేదాకా తవ్వి, తీసిన నల్లమట్టి మళ్ళీ గుంటలో పోయకుండా గ్రావెల్ పోయించండి, పునాది పైన చుట్టూ ప్లింత్ బీము కట్టించండి. మొరం బాగా లోతుంటే, అడుగున గంటలాగా ఉబ్బుగా ఉండే పైల్స్ వేస్తారు. రూర్కీలోని సీబీఆర్ఐ వాళ్ళు మన నల్లనేలల కోసమే తయారుచేసిన పద్ధతి అది. ఇంజినీరుకి అడిగితే తెలుస్తది. గ్రానైటు గుమ్మం మీద పెట్టే డబ్బు ఇక్కడ పెట్టండి.

కరెంటు సంగతి కూడా. పాత ఇళ్ళల్లో మూడు రంధ్రాల ప్లగ్గు ఉంటది, మూడో దానికి వైరే ఉండదు. మా ఇంట్లో అట్టాగే ఉంది. ఎర్తింగ్ ఉందా అని ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఉన్నా వేసవిలో రేగడి ఎండి రాడ్డుని వదిలేస్తది, అప్పుడప్పుడు ఆ గుంటలో బిందెడు నీళ్ళు పోస్తుండాలి. 30 మిల్లీ ఆంపులకి పడిపోయే ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించండి. చేలల్లో మోటార్ల దగ్గర మనం ఎంతమందిని పోగొట్టుకున్నామో మీకు చెప్పాలా. ఇంట్లో గీజరూ అట్టాంటిదే.

సెప్టిక్ ట్యాంకుకి, బోరుకి 50 అడుగుల దూరం ఉండాలంటారు. 113 గజాల స్థలంలో 50 అడుగులు యాడొస్తది? మా ఇంట్లో 12 అడుగులే ఉంది. అందుకని బోరు నీళ్ళు తాగం, అంతే. ట్యాంకు రెండు మూడేళ్ళకోసారి బండి పిలిపించి తోడించండి. మూత తీసి మనిషిని లోపలికి దింపొద్దు, మీరు దిగొద్దు. 2013 చట్టం ప్రకారం నేరం అన్నది ఒకటి, లోపల గ్యాసుకి క్షణంలో మనిషి పడిపోతాడు, తీయబోయినవాడూ పడిపోతాడు.

చెదలు. గుమ్మం చట్రం కింది భాగాన్ని స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడండి. బోలుగా మోగితే లోపల ఏమీ లేదని. గోడ మీద సన్నటి మట్టి గొట్టాలుంటే అవే. ఊళ్ళో అయితే పత్తికట్టె తెచ్చి గోడకి ఆనించి పెడతాం, చెదలకి అన్నం పెట్టి ఇంట్లోకి పిలిచినట్టే. గోడ వారగా నేలలో రంధ్రాలు చేసి క్లోరిపైరిఫాస్ 20 ఈసీ లీటరుకి 19 లీటర్ల నీళ్ళు కలిపి పోస్తారు. మందు మనకి అలవాటే గదా అని గదుల్లో స్ప్రే చేయొద్దు. బోరు, బావి దగ్గర పోయొద్దు. పని అయ్యాక పిల్లల్ని, గొడ్లని రెండు రోజులు దూరం పెట్టండి.

ఇక మా అమ్మ ఇల్లు. ఇది రాయటానికి మనసు రావటం లేదు, కానీ రాయాలి.

మేం పేటకి వచ్చినప్పుడు అమ్మని రమ్మన్నాం. "గేదెని ఎవరు చూస్తారు" అంది. గేదె వంక, అసలు సంగతి నాన్న కట్టిన ఇల్లు వదలటం ఇష్టంలేదు. నాన్న ఉన్నన్నాళ్ళు ఏటా రోహిణి కార్తెలో డాబా ఎక్కేవాడు. ఆకులు ఊడ్చి, గొట్టాల్లో కర్ర పెట్టి పొడిచి, సందుల్లో మొలిచిన రావి మొక్కలు వేళ్ళతో సహా పీకి, పిడుగురాళ్ళ సున్నం వేసేవాడు. మృగశిర తొలివాన పడ్డాక మంచం మీద వెల్లకిలా పడుకుని కప్పు అంతా చూసేవాడు, మరక వచ్చిందా అని. నాన్న పోయాక నేను ఎక్కలా. చేలోకి పేట నుంచి బండి మీద వచ్చిపోయేవాణ్ణి, అమ్మకి కూరగాయలు, మందులు ఇచ్చి, "బాగున్నావా" అని అడిగి పోయేవాణ్ణి. ఇల్లు బాగుందా అని ఎప్పుడూ అడగలా.

మూడేళ్ళు. గొట్టాలు రెండూ వేపాకుతో పూడిపోయినయ్. డాబా మీద చీలమండ లోతు నీళ్ళు నిలిచేవట. మన పొలానికి అర అంగుళం తడి ఎక్కువైతే పైరు ఎర్రబడిందని గోల పెట్టే మనిషిని నేను. స్లాబులో ఇనుముకి తడి తగిలి తుప్పు పట్టింది. తుప్పు పడితే ఇనుము లావవుద్ది, కాంక్రీటుని కిందికి నెడుద్ది. అట్టా లేచిన పెచ్చు ఒకటి, తాటాకు బుట్టంత, ఓ రాత్రి ఆమె మంచం మీద పడింది. ఆ రాత్రి కరెంటు పోయి ఉక్కపోస్తే ఆమె వరండాలోకి వచ్చి పడుకుంది. అందుకని బతికింది.

నాకు చెప్పలా. పది రోజుల తర్వాత నేను వెళ్ళి లోపలి గదిలోకి పోతే మంచం నవారు తెగి వేలాడుతంది, పైన ఎర్రగా తుప్పు ఊచలు కనపడుతున్నయ్. "ఏందమ్మా ఇది" అంటే, "పాతబడ్డది గదరా, చెబితే నువ్వు ఇల్లు పడగొట్టిస్తావని" అంది.

పడగొట్టించలా. లేచిన పెచ్చులన్నీ చెక్కించాం. సుత్తితో కొడితే బోలుగా మోగినంత మేరా తీసేయాలి, కనపడేది ఒక్కటే తీస్తే పక్కది ఆర్నెల్లకి పడుద్ది. ఊచలు ఇనుప బ్రష్షుతో తుప్పు పోయేదాకా రుద్ది, తుప్పు మందు పూసి, రెండు చోట్ల సగానికి పైగా అరిగినవాటికి పక్కన కొత్త ఊచ కట్టించి, అతుక్కునే కెమికల్ కలిపిన సిమెంటు మాలుతో పూడ్పించాం. పైన ముందు గొట్టాలు శుభ్రం చేసి, గుంట ఉన్నచోట వాలు సరిచేశాకే వాటర్ ప్రూఫ్ పూత వేశాం. చాలామంది వాలు సంగతి వదిలేసి డబ్బాలకి డబ్బాలు పూత పూస్తారు. నీళ్ళు నిలిచే చోట ఏ కంపెనీ పూతా నిలవదు. పనంతా 64 వేలు. నాన్న లాగా ఏటా ఓ పూట పని చేసుంటే ఓ కూలి డబ్బులు కూడా అయ్యేవి కావు.

అమ్మ ఇప్పటికీ అక్కడే ఉంది, గేదె కూడా. మంచం మాత్రం వరండాలోకి వచ్చేసింది, లోపల పడుకోమంటే వినదు. కప్పు బాగుచేశాం గదమ్మా అంటే, "గాలి బాగుంటదిరా" అంటది.

రోహిణి వస్తంది. మీలో ఊళ్ళో పెద్దవాళ్ళని ఉంచి టౌన్లో ఉండేవాళ్ళు ఈ ఆదివారం వెళ్ళండి, నిచ్చెన వేసుకుని పైకి ఎక్కండి. కింద గదుల్లో టార్చి వేసి కప్పు చూడండి, గోధుమరంగు మరకలు, ఉబ్బులు ఉన్నయ్యేమో. ఫోటో తీసి కింద పెడితే నాకు తెలిసినంత చెబుతా, బాబాయ్‌ని కూడా అడిగి చెబుతా. నేను రేపు పొద్దున్నే ఊరికి పోతున్నా. పడమర గొట్టం పక్కన మళ్ళీ రావి మొక్క లేచిందని అమ్మ ఫోన్ చేసింది, ఈసారి తనే చెప్పింది.